టర్బో బిగించే ముందు ఇంజన్ నాడి చూడాలి

టర్బోచార్జర్ లేని కారుకు దాన్ని తర్వాత అమర్చుకోవాలన్న కోరిక కొత్తది కాదు. అదే బండి, అదే ఇంజన్, పికప్ మాత్రం ఎంతో ఎక్కువ. వినడానికి బాగుంటుంది. అందుకే కిట్ ధర ఎంత, ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది, పని ఎన్ని రోజుల్లో అవుతుంది అన్న ప్రశ్నలు ముందు వస్తాయి. వాటన్నిటికంటే ముందు రావాల్సిన ప్రశ్న మాత్రం చాలాసార్లు రానే రాదు. ఇప్పుడున్న ఇంజన్ తన సిలిండర్లలో గాలిని ఎంత గట్టిగా పట్టి ఉంచగలుగుతోంది?

దీనికి జవాబు చెప్పే పరీక్ష పేరు కంప్రెషన్ టెస్ట్. ఒక గేజ్, నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ, స్పార్క్ ప్లగ్గులు విప్పే పానా, సుమారు ఒక గంట సమయం ఉంటే చాలు. టర్బో పనికయ్యే ఖర్చు పక్కన దీని ఖర్చు లెక్కలోకే రాదు. అయినా ఇంజన్ శబ్దం విని ‘బాగానే ఉంది’ అనుకుని పని మొదలుపెట్టే అలవాటు ఉంది. ఆ అలవాటు మారాలి. ప్రతి సిలిండర్‌లో కొలిచిన అంకె కాగితం మీద లేకుండా ఏ ఇంజన్‌కూ టర్బో బిగించకూడదు. మెకానిక్ మీద అపనమ్మకంతో అనే మాట కాదిది. రేపు తేడా వస్తే బండి యజమానికీ మెకానిక్‌కీ అండగా నిలిచేవి ఆ అంకెలే.

ముందుగా చట్టం మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీ సంస్థ పేర్కొన్న వివరాలకు విరుద్ధంగా రిజిస్టరైన వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన చట్ట సవరణ, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించే వీలు కల్పించింది. బీమా కంపెనీకి చెప్పకుండా ఇంజన్‌ను మారిస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

రోడ్డు మీద తిరగకుండా, పోటీల ట్రాకుకే పరిమితమైన కార్ల సంగతి వేరు. కోయంబత్తూరు, శ్రీపెరుంబుదూరు దగ్గర అలాంటి ట్రాకులున్నాయి. ఇంజన్ బాగుందని తేలినంత మాత్రాన చట్టం అనుమతి ఇచ్చినట్టు కాదన్నది ముందే గుర్తుంచుకోవాలి. కంప్రెషన్ టెస్ట్ తేల్చేది ఇంజన్ ఆరోగ్యాన్ని మాత్రమే.

టర్బో చేసే పని

మామూలు పెట్రోల్ ఇంజన్ గాలిని తనంతట తానే పీల్చుకుంటుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి గాలి వాతావరణ పీడనంతో సిలిండర్‌లోకి వస్తుంది. సముద్రమట్టం దగ్గర ఆ పీడనం దాదాపు 1 బార్. ఎంత గాలి చేరితే అంతకు తగ్గ ఇంధనాన్నే మండించగలం. అంటే ఇంజన్ శక్తికి హద్దు గీసేది గాలి.

స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంట్ పొందిన ఆలోచన ఈ హద్దును ముందుకు జరిపింది. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి వాయువులు ఒక చిన్న టర్బైన్‌ను తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో చివరన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. నేటి కార్లలోని టర్బో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది.

వాతావరణ పీడనం మీద ఇంకో అర బార్ ‘బూస్ట్’ ఇస్తే ఇంజన్ గుమ్మం దగ్గర గాలి పీడనం 1.5 బార్ అవుతుంది. గాలి పెరిగింది కాబట్టి ఇంధనం, శక్తి కూడా పెరుగుతాయి. అయితే గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవారికి ఇది అనుభవమే. 35 డిగ్రీల గాలిని మామూలు సామర్థ్యం ఉన్న టర్బో ఒకటిన్నర రెట్ల పీడనానికి నొక్కితే, అది సుమారు 90 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలర్ లేకపోతే ఆ వేడిగాలే నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది.

అక్కడ పిస్టన్ దాన్ని మళ్లీ నొక్కుతుంది. 10:1 కంప్రెషన్ రేషియో ఉన్న ఇంజన్‌లో 35 డిగ్రీల మిశ్రమం పిస్టన్ పైకి చేరేసరికి లెక్క ప్రకారం సుమారు 340 డిగ్రీలవుతుంది. 90 డిగ్రీలతో మొదలైతే దాదాపు 450 డిగ్రీలు. స్పార్క్ పడకముందే నూరు డిగ్రీలకు పైగా తేడా వచ్చేసింది.

నాకింగ్ పుట్టేది ఇక్కడే. స్పార్క్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతటా క్రమంగా పాకాలి. మంట ఇంకా చేరని మూలలో మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటే లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం వస్తుంది. అది కేవలం శబ్దమే అయితే ఇబ్బంది లేదు. ఆ దెబ్బలకు పిస్టన్ రింగులు విరుగుతాయి, రింగులు కూర్చునే గాడుల అంచులు పగులుతాయి, హెడ్ గాస్కెట్ పోతుంది.

రేషియో వేరు, గేజ్ చూపే పీడనం వేరు

కంప్రెషన్ అన్న మాటతో రెండు వేర్వేరు విషయాలను కలిపేయడం మామూలే. కంప్రెషన్ రేషియో అనేది కొలతలకు సంబంధించింది. పిస్టన్ అట్టడుగున ఉన్నప్పుడు సిలిండర్‌లో ఉండే మొత్తం చోటును, పిస్టన్ పైకి చేరాక మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేది. ఇంజన్ గీసినప్పుడే ఇది నిర్ణయమైపోతుంది. బండి ఎంత పాతబడినా పెద్దగా మారదు.

కంప్రెషన్ పీడనం అలా కాదు. స్టార్టర్ మోటారు ఇంజన్‌ను తిప్పుతుంటే సిలిండర్‌లో నిజంగా ఎంత ఒత్తిడి పుడుతోందో అది చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్‌లో ఇది సాధారణంగా 10 నుంచి 14 బార్ దాకా, అంటే సుమారు 150 నుంచి 200 పీఎస్ఐ దాకా ఉంటుంది. రింగులు అరిగినా, వాల్వు సరిగా మూసుకోకపోయినా, గాస్కెట్ దెబ్బతిన్నా ఈ అంకె పడిపోతుంది.

10:1 రేషియో ఉంటే గేజ్ 10 బార్ చూపాలి కదా అని కొందరు లెక్కవేస్తారు. ఆ లెక్క తప్పు. నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది కాబట్టి పీడనం పది రెట్లకంటే ఎక్కువగా పెరుగుతుంది. చుక్క గాలి కూడా బయటికి పోని, వేడి కూడా పోని ఆదర్శ సిలిండర్‌లో అది 20 బార్ దాటాలి. నిజమైన ఇంజన్‌లో గాలి వచ్చే వాల్వు పిస్టన్ పైకి కదలడం మొదలయ్యాక కొంతసేపటికి గానీ మూసుకోదు. స్టార్టర్ తిప్పే వేగం తక్కువ కాబట్టి కొంత వేడి గోడల్లోకి పోతుంది. రింగుల సందుల నుంచి కొంత గాలి జారుతుంది. ఇవన్నీ పోగా గేజ్ మీద 12 బార్ లాంటి అంకె కనిపిస్తుంది. ఫలానా ఇంజన్‌కు ఎంత ఉండాలో తయారీ సంస్థ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మామూలుగా ఉండాల్సిన పీడనం, అంతకు తగ్గకూడని కనీస పీడనం, సిలిండర్ల మధ్య అనుమతించే గరిష్ఠ తేడా అని మూడు అంకెలు ఇస్తారు. పోల్చాల్సింది వాటితోనే.

ఊరు మారినా అంకె మారుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి పీడనం విశాఖపట్నం కంటే దాదాపు 6 శాతం తక్కువ. విశాఖలో 12 బార్ చూపిన ఇంజన్ హైదరాబాద్‌లో 11.3 బార్ చూపితే అది అరిగిపోయినట్టు కాదు. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో అదే ఇంజన్ 8 బార్ కూడా చూపకపోవచ్చు. అందుకే ఎక్కడ కొలిచారో రాసుకోని అంకెకు పూర్తి అర్థం ఉండదు.

మూడు ఇంజన్లు, మూడు తీర్పులు

మూడు నాలుగు సిలిండర్ల కార్లను ఉదాహరణగా తీసుకుంటే అంకెలు ఎలా మాట్లాడతాయో తెలుస్తుంది. మూడింటికీ మాన్యువల్ ప్రకారం ఉండాల్సింది 12 బార్ అనుకోవచ్చు.

మొదటి ఇంజన్ 12.0, 11.8, 12.1, 9.2 చూపింది. తక్కువ అంకె ఎక్కువ అంకెలో కనీసం 75 శాతం ఉండాలన్నది వర్క్‌షాపుల్లో బాగా వాడుకలో ఉన్న సూత్రం. 9.2 అనేది 12.1లో 76 శాతం. ఆ సూత్రం ప్రకారం ఇది పాస్. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి ఈ బండి కొన్నాళ్లు పనికి రావచ్చు. టర్బోకు మాత్రం పనికిరాదు. బూస్ట్ ఇచ్చే ఇంజన్‌లో సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపే ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబడతారు. నాలుగో సిలిండర్‌లోకి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె 11.4కు పెరిగిందనుకుంటే, ఆయిల్ తాత్కాలికంగా రింగుల సందును మూసిందన్నమాట. జబ్బు రింగుల్లో ఉంది. అంకె కదలకపోతే వాల్వునో హెడ్ గాస్కెట్‌నో అనుమానించాలి. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే ఆ రెంటి మధ్య గాస్కెట్ పోయిందన్న అనుమానం బలపడుతుంది.

రెండో ఇంజన్ 8.9, 9.0, 8.8, 9.0 చూపింది. నాలుగూ సమానం. బండి వణకదు, మిస్సింగ్ రాదు, శబ్దం నున్నగా ఉంటుంది. చెవిని మోసగించే ఇంజన్ ఇదే. నాలుగు సిలిండర్లూ ఒకే తీరుగా అరిగాయి. వాడుకలో చెప్పాలంటే ఇంజన్ బోరుకొచ్చింది. స్టార్టర్ మోటారు లాగే కరెంటును చూసి సిలిండర్లను పోల్చే ఎలక్ట్రానిక్ పద్ధతి ఒకటుంది. అది ఒక సిలిండర్‌ను మరోదానితో పోలుస్తుందే తప్ప అసలు పీడనం ఎంతో చెప్పదు. కాబట్టి ఈ రెండో ఇంజన్‌ను అది కూడా పట్టుకోలేదు. గేజ్ ఒక్కటే పట్టుకుంటుంది.

మూడో ఇంజన్ అన్ని సిలిండర్లలో 15కు పైగా చూపింది. ఉండాల్సిన దానికంటే ఎక్కువ కాబట్టి మంచిదే అనుకోవడం సహజం. అది పొరపాటు. పిస్టన్ తల మీద ఏళ్ల తరబడి పేరుకున్న మసి చోటును తగ్గించి రేషియోను పెంచి ఉండవచ్చు. లేదా సిలిండర్‌లోకి ఆయిల్ దిగుతూ ఉండవచ్చు. ఎర్రగా కాలే మసి ముద్దలు, పెరిగిన రేషియో, వాటికి తోడు బూస్ట్ కలిస్తే నాకింగ్‌కు అంతకంటే ఏం కావాలి?

అరిగిన రింగులు కొత్త టర్బోనూ తినేస్తాయి

బలహీనమైన ఇంజన్‌కు టర్బో పెడితే ఇంజన్ పోతుందన్నది సగం నిజం. చాలాసార్లు టర్బో కూడా పోతుంది. కారణం తెలిస్తే పరీక్ష ఎందుకో ఇంకా బాగా అర్థమవుతుంది.

రింగులు ఎంత బాగున్నా మండిన వాయువులు కొద్దిగా కిందికి, క్రాంక్‌కేస్‌లోకి జారతాయి. బూస్ట్ లేని ఇంజన్‌లో దహనం నాటి గరిష్ఠ పీడనం సుమారు 50 నుంచి 70 బార్. బూస్ట్ తోడైతే అది మరింత పైకి పోతుంది. పైనుంచి నెట్టే ఒత్తిడి పెరిగితే అరిగిన సందుల్లోంచి జారే వాయువూ పెరుగుతుంది. క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పేరుకుంటుంది.

ఇప్పుడు టర్బో సంగతి చూడాలి. లక్ష చుట్లు తిరిగే దాని ఇరుసు పలచని ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ ఆయిల్ ఇంజన్ నుంచి ఒత్తిడితో వస్తుంది, తిరిగి కిందికి మాత్రం కేవలం బరువు వల్ల జారుతుంది. జారి చేరేది క్రాంక్‌కేస్‌లోకే. అక్కడ ఎదురొత్తిడి ఉంటే ఆయిల్ దిగదు. టర్బోలోనే నిలిచి, సీళ్లను దాటి గాలి గొట్టంలోకో సైలెన్సర్‌లోకో చేరుతుంది. నీలిరంగు పొగ వస్తుంది. కొత్త టర్బో నాసిరకమని తిట్టి, ఇంకొకటి తెచ్చి బిగిస్తే అదీ అలాగే కారుతుంది. తప్పు టర్బోది కానే కాదు.

ఇదిలా ఉండగా క్రాంక్‌కేస్ ఆవిరితో పాటు ఆయిల్ తుంపర్లు మళ్లీ ఇంజన్ పీల్చే గాలిలో కలుస్తాయి. ఇంజన్ ఆయిల్‌కు నాకింగ్‌ను తట్టుకునే గుణం పెట్రోల్ కంటే చాలా తక్కువ. మిశ్రమంలో ఆయిల్ కలిసేకొద్దీ నాకింగ్ తొందరగా వస్తుంది. నాకింగ్ రింగులను ఇంకా దెబ్బతీస్తుంది. రింగులు దెబ్బతింటే ఇంకా ఆయిల్ చేరుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అనే సామెతకు ఇంజన్ భాషలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పెద్ద కంపెనీకీ తప్పలేదు

కంప్రెషన్‌ను, బూస్ట్‌ను విడివిడిగా చూడకూడదన్న పాఠం కార్ల పరిశ్రమ కూడా కష్టపడే నేర్చుకుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1962లో రెండు టర్బో పెట్రోల్ కార్లను మార్కెట్లోకి తెచ్చింది. వాటిలో ఒకటైన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో 3.5 లీటర్ల వీ8 ఇంజన్ ఉండేది. దాని కంప్రెషన్ రేషియో 10.25:1. టర్బో ఇంజన్‌కు ఆ రోజుల్లో అది చాలా ఎక్కువ. నాకింగ్ రాకుండా నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజన్‌లోకి చిమ్మేవారు. ఆ ద్రవానికి విడిగా ఒక సీసా ఉండేది. అది ఖాళీ అయితే బూస్ట్ తగ్గేలా ఏర్పాటు కూడా చేశారు.

కాగితం మీద అంతా సరిపోయింది. కానీ పెట్రోల్ పోయించుకోవడం అలవాటున్న యజమానులకు ఆ సీసా నింపడం అలవాటు కాలేదు. ఇబ్బందులు వచ్చాయి. కారు రెండేళ్లకే ఆగిపోయింది. తర్వాత చాలా కార్ల నుంచి టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ పెట్టారు.

స్వీడన్ సంస్థ సాబ్ 1970ల చివర్లో 99 టర్బో కారు తెచ్చినప్పుడు వేరే దారి పట్టింది. రేషియోను దాదాపు 7.2:1కు తగ్గించింది. 1980ల ఆరంభంలో నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్‌తో బూస్ట్‌ను ఎప్పటికప్పుడు సర్దే పద్ధతి ప్రవేశపెట్టింది. ఈనాడు కంపెనీ నుంచే టర్బోతో వచ్చే చిన్న పెట్రోల్ కార్లు 10:1 రేషియోతో కూడా హాయిగా నడుస్తున్నాయంటే, వెనుక నాకింగ్ సెన్సర్, సిలిండర్‌లోకి నేరుగా ఇంధనం చిమ్మే విధానం, గట్టి పిస్టన్లు, ఇంటర్‌కూలర్, లెక్కకట్టి రాసిన కంప్యూటర్ ప్రోగ్రామ్ వంటివి ఉన్నాయి. పాత కారుకు కిట్ బిగించినప్పుడు వీటిలో ఎన్ని ఉంటాయన్నది వేసుకోవాల్సిన ప్రశ్న. లేనివి ఎన్ని ఎక్కువైతే ఇంజన్ ఆరోగ్యం మీద ఆధారం అంత ఎక్కువ.

పరీక్షకూ పద్ధతి ఉంది

తప్పుగా కొలిచిన అంకె కొలవకపోవడం కంటే ప్రమాదకరం. ఇంజన్ వేడిగా ఉండాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే ఇంజన్ నెమ్మదిగా తిరిగి పీడనం తక్కువ చూపుతుంది. ఇంధన సరఫరా, ఇగ్నిషన్ రెండూ ఆపాలి. ఒక్క ప్లగ్ మాత్రమే కాకుండా అన్ని స్పార్క్ ప్లగ్గులూ విప్పాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి. థ్రాటిల్ మూసి ఉంటే గాలి లోపలికి రాదు, మంచి ఇంజన్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

ప్రతి సిలిండర్‌ను సమానంగా, నాలుగు నుంచి ఆరు కంప్రెషన్ల దాకా తిప్పాలి. ఆఖరి అంకెతో పాటు మొదటి తోపులో ముల్లు ఎంతదాకా లేచిందో కూడా రాసుకోవాలి. మొదట తక్కువగా లేచి తర్వాత మెల్లగా పెరుగుతూ పోతే రింగుల వైపు అనుమానం. మొదటి నుంచీ చివరిదాకా తక్కువగానే ఉండిపోతే వాల్వుల వైపు. చౌక గేజ్‌ల మధ్య తేడాలుంటాయి కాబట్టి ఒకే గేజ్‌తో రెండుసార్లు కొలవడం మేలు. డీజిల్ ఇంజన్‌లో పీడనం 25 బార్ పైనే ఉంటుంది. పెట్రోల్ గేజ్ దానికి పనికిరాదు. ఆయిల్ పోసి కొలిచే పద్ధతిని కూడా డీజిల్ మీద ప్రయోగించకూడదు.

అంకెలు అనుమానం రేపితే తర్వాతి మెట్టు లీక్‌డౌన్ టెస్ట్. పిస్టన్‌ను పైన నిలిపి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పంపి, ఎంత శాతం కారిపోతోందో చూస్తారు. గాలి ఎటు పోతోందో చెవే చెబుతుంది. ఆయిల్ పోసే మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు. సైలెన్సర్ దగ్గరైతే ఎగ్జాస్ట్ వాల్వు. గాలి గొట్టం దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్.

చెవి చాలదా?

ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మేస్త్రీకి గేజ్ అవసరమా అన్న మాట వినిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అనుభవంతో పుట్టిన నైపుణ్యాన్ని తక్కువ చేయడానికి లేదు. లీక్‌డౌన్ టెస్ట్‌లో కూడా ఆఖరి మాట చెవిదే. అయితే రెండో ఇంజన్ కథ చెవికి ఉన్న హద్దు చూపిస్తుంది. అనుభవం తేడాను వెంటనే పసిగడుతుంది. అన్నీ ఒకేలా తగ్గినప్పుడు పోల్చుకోవడానికి దానికి ఆధారం దొరకదు. నాడి పట్టి జ్వరం చెప్పగల వైద్యుడు కూడా థర్మామీటర్‌ను పక్కన పెట్టలేదు.

తక్కువ బూస్టే కదా, దానికి ఇంత హడావుడి ఎందుకన్నది మరో వాదన. బూస్ట్ తగ్గితే ముప్పూ తగ్గుతుంది, నిజమే. కానీ 9.2 చూపిన సిలిండర్‌కు ఎంత బూస్ట్ తక్కువో ఎవరు చెప్పగలరు? కొలవకుండా ‘తక్కువ’ అనే మాటకు హద్దు లేదు.

ఎలాగూ ఇంజన్ దించి కొత్త రింగులు వేస్తాం కదా, అప్పుడు పరీక్ష దేనికన్న వాదన కాస్త బలమైనది. అలాంటప్పుడు పరీక్ష పని అయ్యాక చేయాలి. కొత్త రింగులు సర్దుకోవడానికి కొంత దూరం తిరిగాక కొలిచి, ఆ అంకెలు బాగున్నాకే టర్బో బిగించాలి. పరీక్ష వేళ మారుతుంది, అవసరం మారదు.

పరీక్ష చెప్పనిదీ ఉంది

కంప్రెషన్ టెస్ట్‌ను నెత్తిన పెట్టుకోవడమూ సరికాదు. ఇంజన్ నిమిషానికి రెండు మూడు వందల చుట్లు తిరుగుతుండగా, పన్నెండు బార్ ఒత్తిడిలో జరిగే పరీక్ష ఇది. బూస్ట్‌తో పరుగు తీస్తున్నప్పుడు లోపలి ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు. కనెక్టింగ్ రాడ్ ఆ బరువు మోస్తుందా, బేరింగులు అరిగాయా, ఫ్యూయల్ పంపు అంత పెట్రోల్ అందించగలదా, క్లచ్ నిలుస్తుందా, పెరిగిన వేగాన్ని బ్రేకులు ఆపగలవా అన్నవి గేజ్‌కు తెలియవు. ఇల్లు అలకగానే పండగ కాదు.

పరీక్ష ‘వద్దు’ అంటే దాదాపు ఖాయంగా వద్దు. పరీక్ష ‘సరే’ అంటే ఇంకా అడగాల్సిన ప్రశ్నలు మిగిలే ఉన్నాయని అర్థం. ఆపరేషన్‌కు ముందు బీపీ, షుగర్, ఈసీజీ చూస్తారు. అవి బాగున్నంత మాత్రాన ఆపరేషన్ విజయం ఖాయం కాదు. బాగోలేకపోతే మాత్రం మంచి సర్జన్ ఆ రోజు కత్తి పట్టడు.

కాగితం మీద అంకె ఎవరికి మేలు

టర్బో పెట్టిన కొన్ని నెలలకు ఇంజన్ పోయిందనుకుంటే షెడ్డు ముందు జరిగే సంభాషణ ఊహించడం కష్టం కాదు. “మీరు పెట్టిన టర్బో వల్లే పోయింది” అంటాడు యజమాని. “మీ ఇంజన్ ముందే అరిగిపోయింది సార్” అంటాడు మెకానిక్. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఇద్దరి దగ్గరా రుజువు లేదు. ఎవరి గొంతు పెద్దదైతే వారిదే న్యాయం అవుతుంది, లేదా ఎవరి జేబు చిన్నదైతే వారికే నష్టం మిగులుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం రాసి ఉంటే కథ మారుతుంది. తేదీ, ఓడోమీటర్ అంకె, ఎక్కడ కొలిచారు, ఇంజన్ వేడిగా ఉందా, ఒక్కో సిలిండర్‌లో మొదటి తోపు అంకె, ఆఖరి అంకె, మాన్యువల్ ప్రకారం ఉండాల్సినది. కింద ఇద్దరి సంతకాలు. అరపేజీ కూడా పట్టదు. బండి బలహీనమని ముందే తెలిసీ యజమాని పట్టుబడితే ఆ బాధ్యత ఎవరిదో స్పష్టమవుతుంది. బాగున్న ఇంజన్ పాడైతే అదీ స్పష్టమవుతుంది. కొలత అంటే సైన్స్ ప్రయోగశాలకే పరిమితమైన వ్యవహారం అనుకుంటాం. ఇద్దరు మనుషుల మధ్య తగవు రాకుండా కాపాడేదీ కొలతే. తూకం వేయకుండా బియ్యం, కొలవకుండా స్థలం ఎవరూ కొనరు.

ఇందుకు కొత్త యంత్రాలు, కొత్త చదువులు అక్కర్లేదు. ఐటీఐలలో మోటారు మెకానిక్ శిక్షణ పొందే విద్యార్థులకు ఈ పరీక్ష పరిచయమైనదే. పనిలో చేరాక అది ఎందుకు మాయమవుతోందంటే, అడిగేవారు లేకపోవడం వల్ల. బండి యజమానులు అడగడం మొదలుపెడితే షెడ్డులో దుమ్ము పట్టిన గేజ్ మళ్లీ గోడ మీదినుంచి దిగుతుంది. ఆ అలవాటు టర్బో దగ్గరే ఆగనక్కర్లేదు. పాత కారు కొనేవారికి కూడా ఆ నాలుగు అంకెలు, కొత్త పెయింటు, మెరిసే సీటు కవర్లు చెప్పని నిజం చెబుతాయి.

టర్బో ఇంజన్‌కు కొత్త బలాన్ని పుట్టించదు. ఉన్న బలాన్ని ఇంకా గట్టిగా వాడుకుంటుంది. ఆ బలం ఎంతుందో తెలుసుకోవడానికి ఒక గంట, ఒక గేజ్ చాలు. కిట్ ఎంతకు వస్తుందని అడిగేముందు ‘నా ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ ఎన్ని బార్ చూపుతోంది?’ అని అడగాలి. జవాబుగా ‘బాగానే ఉంది’ అని వస్తే ఆ పూటకు బండి తాళం తిరిగి జేబులో వేసుకోవడమే మంచిది.